కథ ముసుగులో సత్యం: రాడ్ సెర్లింగ్ జీవితం

రాజు ముఖాన చెప్పరాని మాటను నక్క నోట పలికించడం మన పూర్వులకు తెలిసిన విద్య. విష్ణుశర్మ రాజకుమారులకు లోకనీతిని కరటక దమనకులనే రెండు నక్కల కథగా బోధించాడు. ఆ పంచతంత్రమే పహ్లవీ భాష మీదుగా ప్రయాణించి, ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో అరబ్బీ గ్రంథమై ‘కలీలా వ దిమ్నా’ అనే పేరు పొందింది. మన కళాశాలలో తెలుగు విద్యార్థికి చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా పరిచితమైన నక్కలూ, ఉర్దూ విద్యార్థికి కలీలా దిమ్నాలుగా పరిచితమైన నక్కలూ నిజానికి ఒక్కటే. భాషలు మారినా, లిపులు మారినా, సత్యానికి ముసుగు వేసి సభలోకి ప్రవేశపెట్టే ఆ నేర్పు మాత్రం మారలేదు.

ఆ ప్రాచీన విద్యను ఇరవయ్యవ శతాబ్దంలో టెలివిజన్ అనే కొత్త యంత్రానికి నేర్పినవారిలో అగ్రగణ్యుడు అమెరికన్ రచయిత రాడ్ సెర్లింగ్. గ్రహాంతరవాసులు, కాలయానం, మరమనుషులు, దయ్యాలు, ఇటువంటి వస్తువులతో ఆయన నడిపిన ‘ది ట్వైలైట్ జోన్’ అనే కథామాలిక నేటికీ ఆ తరహా కార్యక్రమాలన్నింటికీ ఒరవడిగా నిలిచి ఉన్నది. అయితే ఆయన విచిత్ర కథలను ఎందుకు ఆశ్రయించాడో తెలిస్తే తప్ప ఆ కథల విలువ మనకు పూర్తిగా బోధపడదు. వినోదం కోసం మాత్రమే ఆయన ఆ దారి తొక్కలేదు. సూటిగా చెప్పబోయిన ప్రతిసారీ ఆయన నోరు నొక్కబడింది. అందుచేతనే ముసుగు ధరించవలసి వచ్చింది.

రాడ్మన్ ఎడ్వర్డ్ సెర్లింగ్ 1924వ సంవత్సరం డిసెంబరు 25వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్, తల్లి ఎస్తేర్. ఇద్దరు అన్నదమ్ములలో ఈయన చిన్నవాడు. అన్న రాబర్ట్ కూడా తరువాతి కాలంలో విమానయానం గురించి వ్రాసి పేరు తెచ్చుకొన్నాడు. రాడ్ పసితనంలోనే కుటుంబం అదే రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ అనే పట్టణానికి తరలివెళ్ళింది. తండ్రి అక్కడ సరుకుల దుకాణం నడిపేవాడు. ఆ పట్టణపు పార్కూ, అందులోని రంగులరాట్నమూ, వేసవి సాయంకాలాల బ్యాండు మేళమూ ఆ బాలుని మనస్సులో చెరగని ముద్ర వేశాయి. పొట్టివాడు, మాటకారి, ఎవరు విన్నా వినకపోయినా కథ చెప్పుకొంటూ పోయే పిల్లవాడు.

1943లో ఉన్నత పాఠశాల చదువు ముగిసిన వెంటనే సెర్లింగ్ సైన్యంలో చేరాడు. నాజీల మీద యుద్ధం చేయవలెనని ఆ యూదు యువకుని ఆశ. కాని సైన్యం అతనిని పారాచూట్ దళంలో చేర్చుకొని పసిఫిక్ మహాసముద్రం వైపు, జపాను మీదికి పంపింది. శిక్షణకాలంలో ముష్టియుద్ధం నేర్చి అనేక పోటీలలో పాల్గొన్నాడు. 1944 చివర ఫిలిప్పీన్స్ దేశంలోని లేతే ద్వీపంలో అతని దళం భీకర పోరాటంలో చిక్కుకొన్నది. ఆకలితో ఉన్న సైనికుల కోసం విమానం నుంచి ఆహారపు పెట్టెలు జారవిడిచారు. ఆ పెట్టెలలో ఒకటి మీద పడి, అప్పటి దాకా నవ్వుతూ నవ్విస్తూ ఉన్న స్నేహితుడొకడు సెర్లింగ్ కళ్ళ ఎదుటే మరణించాడు. ప్రాణం నిలపవలసిన అన్నమే ప్రాణం తీసింది. విధి చేసే ఇటువంటి క్రూరపరిహాసం తరువాత ఆయన కథలలో ఎన్నో రూపాలలో కనిపిస్తుంది.

సెర్లింగ్ స్వయంగా మోకాలికి, మణికట్టుకు గాయాలు తగిలించుకొని, శౌర్యపతకంతో తిరిగి వచ్చాడు. ఆయన యుద్ధరంగంలో ఉండగానే 1945లో తండ్రి గుండెపోటుతో కన్నుమూశాడు. కడసారి చూపునకు కూడా నోచుకోలేకపోయాడు. యుద్ధపు పీడకలలు ఆయనను జీవితాంతం వెంటాడాయి.

మాజీ సైనికులకు ప్రభుత్వం కల్పించిన విద్యాసౌకర్యంతో 1946లో ఒహాయో రాష్ట్రంలోని ఆంటియోక్ కళాశాలలో చేరాడు. మొదట వ్యాయామ విద్య వైపు చూసినా, త్వరలోనే సాహిత్యం వైపు మళ్ళాడు. మనస్సులోని భారాన్ని దించుకొనేందుకు వ్రాయడం మినహా ఆయనకు మరొక మార్గం కనిపించలేదు. కళాశాల రేడియో బృందానికి నాటకాలు వ్రాశాడు. చేతిఖర్చుల కోసం కొత్త పారాచూట్‌లను పరీక్షించే ప్రమాదకరమైన పని కూడా చేశాడు. 1948లో సహవిద్యార్థిని కరోల్ క్రామర్‌ను వివాహమాడాడు. 1950లో పట్టభద్రుడై సిన్సినాటి నగరంలోని ఒక రేడియో కేంద్రంలో ఉద్యోగం సంపాదించాడు. పగలంతా కేంద్రం కోరిన చప్పని రచనలు చేయడం, రాత్రి ఇంటి భోజనాల బల్ల వద్ద కూర్చొని తన సొంత నాటకాలు వ్రాయడం ఆయన దినచర్య. అవి పత్రికకు పంపిన కథల వలెనే వరుసగా తిరిగి వచ్చేవి. ఆయన మాత్రం వ్రాయడం మానలేదు.

ఆనాటి అమెరికన్ టెలివిజన్ స్వరూపం నేటి విద్యార్థులకు కొంత వివరించవలసి ఉన్నది. పెద్ద నాటకాలు చాలా వరకు ప్రత్యక్షప్రసారాలు. నటులు స్టూడియోలో రంగస్థలం మీద వలె నటిస్తూ ఉంటే అదే క్షణంలో లక్షలాది ఇళ్ళలో ఆ దృశ్యం కనిపించేది. ముగిసిన తరువాత మళ్ళీ చూసే వీలు సామాన్యంగా ఉండేది కాదు. 1955 జనవరి 12న ప్రసారమైన సెర్లింగ్ నాటకం ‘పాటర్న్స్’ ఒక పెద్ద వ్యాపారసంస్థలో వయసు మళ్ళిన అధికారిని యజమాని అవమానించి అవమానించి చంపివేసే కథ. ప్రేక్షకుల ఆదరణ ఎంతగా వెల్లువెత్తిందంటే, నాలుగు వారాలకు, ఫిబ్రవరి 9న, అదే నటులతో అదే నాటకాన్ని మళ్ళీ ప్రత్యక్షంగా ప్రదర్శించారు. మరుసటి సంవత్సరం వచ్చిన ‘రిక్వియం ఫర్ ఎ హెవీవెయిట్’, అనగా ఓడి శిథిలమైన ముష్టియోధుని కథ, ఆయన కీర్తిని శిఖరానికి చేర్చింది. ముప్పై రెండేళ్ళు నిండక ముందే ఆయన దేశంలో అగ్రశ్రేణి టెలివిజన్ రచయిత.

సరిగ్గా ఈ కీర్తికాలంలోనే ఆయనకు గోడ తగిలింది. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పధ్నాలుగేళ్ళ నల్లజాతి బాలుని శ్వేతజాతీయులు అపహరించి హత్య చేశారు. విచారణలో తెల్లవారు మాత్రమే ఉన్న జ్యూరీ నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. హంతకుని ఊరివారందరూ కలిసి ఎట్లా కాపాడుకొంటారో అనే విషయం మీద సెర్లింగ్ నాటకం వ్రాయబూనుకొన్నాడు. టెలివిజన్ నాటకాలకు ధనం సమకూర్చేది వ్యాపారసంస్థలు. దక్షిణ రాష్ట్రాలలో తమ సరుకును బహిష్కరిస్తారేమోనని వారికి భయం. అందుచేత కథలోని హతుడు నల్లవాడు కాకూడదన్నారు. కథాస్థలం దక్షిణాది కాకూడదని ఉత్తర రాష్ట్రాలకు తరలించారు. దక్షిణాదిని స్ఫురింపజేసే శీతలపానీయపు సీసాను సైతం రంగం మీద నుంచి తీసివేయించారు. ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ అనే పేరుతో 1956లో ప్రసారమైన ఆ నాటకంలో ప్రాణం మిగలలేదు. 1958లో మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కథను గత శతాబ్దానికి జరిపి, హతుని మెక్సికన్ యువకునిగా మార్చవలసి వచ్చింది. సెనేటు సభ్యుల గురించి వ్రాసిన నాటకంలో, ఆ రోజులలో దేశం చర్చిస్తున్న ఒక్క సమస్యనైనా సభ్యుల చేత మాట్లాడించేందుకు వీలు కలుగలేదు.

ఇక్కడ ఆయనకొక ఆలోచన కలిగింది. మనుషుల నోట నిషిద్ధమైన మాటను అంగారక గ్రహవాసి నోట పలికిస్తే ఏ వ్యాపారి అభ్యంతరం చెప్పగలడు? నేటి సెనేటును నూరేళ్ళ తరువాతి కాలానికి జరిపి, సభ్యులందరినీ మరమనుషులుగా చేసి ఉంటే అన్ని మాటలూ చెల్లి ఉండేవి కదా! విష్ణుశర్మ నక్కలు ఈ విధంగా న్యూయార్క్ నగరం చేరుకొన్నాయి.

1959 అక్టోబరు 2వ తేదీ శుక్రవారం రాత్రి సిబిఎస్ సంస్థ ‘ది ట్వైలైట్ జోన్’ మొదటి భాగాన్ని ప్రసారం చేసింది. వెలుగూ చీకటీ కలిసే సంధ్యామండలమని ఆ పేరును మనం చెప్పుకోవచ్చు. సామాన్యమైన ధారావాహిక వలె ఇందులో ఒకే కథ సాగదు. ఏ వారానికి ఆ వారం కొత్త కథ, కొత్త పాత్రలు, కొత్త లోకం. పూసలను కలిపే దారం వలె కథకుడొక్కడే స్థిరం. నల్లని సూటు ధరించిన సెర్లింగ్ కథ మొదట పలికి, చివర మళ్ళీ వినిపించి, ప్రేక్షకునికి ఒక చిక్కుముడి అప్పగించి వెళ్ళేవాడు. చందమామ పత్రికలో బేతాళ కథలు చదివిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. విక్రమార్కుని భుజం మీది బేతాళుడు కూడా ప్రతి కథకూ చివర ఒక ప్రశ్న వేస్తాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల వ్రక్కలవుతుందంటాడు. సెర్లింగ్ ప్రశ్న కూడా అటువంటిదే.

ధారావాహిక మొదలయ్యే ముందు ఒక టెలివిజన్ సంభాషణలో, తాను ఇకపై వివాదాస్పద విషయాల జోలికి పోవడం లేదన్నట్లు ఆయన మాట్లాడాడు. కాని ఆ మాట కూడా ముసుగేనని మొదటి సంవత్సరంలోనే తేటతెల్లమైంది. 1960 మార్చిలో వచ్చిన ‘ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’ కథను కొంత వివరంగా చెప్పుకోవాలి.

ఒక ప్రశాంతమైన వీధి. వేసవి సాయంకాలం ఆకాశంలో ఏదో మెరుపు మెరుస్తుంది. దీపాలు ఆరిపోతాయి, ఫోన్లు మూగబోతాయి, కార్లు కదలవు. గ్రహాంతరవాసులు దాడికి ముందు మనుషుల వేషంలో ఒక కుటుంబాన్ని ఊరిలోకి పంపుతారని కథల పుస్తకంలో చదివిన పిల్లవాడొకడు చెబుతాడు. మొదట అందరూ నవ్వుతారు. అంతలో ఒకరి కారు తనంతట తానే కదులుతుంది. అతడు రాత్రులు నిద్రపోక నక్షత్రాల వైపు చూస్తూ నిలబడేవాడని ఇరుగుపొరుగువారికి అప్పుడే గుర్తుకు వస్తుంది. నిన్నటి దాకా ఎవరూ పట్టించుకోని అలవాటు నేడు సాక్ష్యమవుతుంది. చీకటిలో ఒక నీడ నడిచి వస్తూ ఉంటే ఒకడు తుపాకి పేలుస్తాడు. మరణించినది ప్రక్క వీధి సంగతి తెలుసుకొని వద్దామని వెళ్ళిన వారి పొరుగువాడే. ఆ తరువాత ఒక ఇంటి దీపం వెలిగితే ఆ ఇంటి మీదికి, మరొక ఇంటి దీపం వెలిగితే దాని మీదికి రాళ్ళు. చివరకు వీధి వీధంతా ఒకరినొకరు చంపుకొనే స్థితికి వస్తుంది. గుట్ట మీద నిలిచి చూస్తున్న నిజమైన గ్రహాంతరవాసులు ఇద్దరు తమలో తాము అనుకొనేది ఇంతే: మనం చేయవలసినది నాలుగు దీపాలు ఆర్పడమే, తక్కిన పని వారే చేసుకొంటారు.

అదే సంవత్సరం నవంబరులో వచ్చిన ‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’లో ముఖం నిండా కట్లతో ఒక స్త్రీ ఆసుపత్రిలో ఉంటుంది. వికారమైన రూపాన్ని సరిచేసేందుకు అది ఆమెకు కడపటి చికిత్స. కట్లు విప్పితే మన కంటికి ఆమె చక్కని వనిత. చికిత్స విఫలమైందని విచారించే వైద్యుల ముఖాలే పంది మూతి వలె వికృతాలు. ఎక్కువమంది ఎట్లా ఉంటే అదే అందం, అదే న్యాయం అనే రాజ్యంలో ఆమెకు వేరే వాడ తప్ప చోటు లేదు. 1961లో, నాజీ అధికారి ఐక్మన్ విచారణ జెరూసలేంలో జరిగిన సంవత్సరంలోనే, డాఖౌ నిర్బంధశిబిరాన్ని ముచ్చటపడి చూడవచ్చిన మాజీ అధికారిని అక్కడి మృతుల ఆత్మలు విచారించే కథను వ్రాశాడు. నాజీల మీద యుద్ధం చేయలేకపోయిన సైనికుడు ఆ విధంగా తన ఋణం తీర్చుకొన్నాడు. తన మీద తుపాకి గురిపెట్టిన జపాను సైనికుని పట్ల మాత్రం ఆయనకు ద్వేషం మిగలలేదు. ‘ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ’ అనే కథలో, శత్రువులను దయ లేక చంపబోయిన అమెరికన్ అధికారి అకస్మాత్తుగా జపాను అధికారి శరీరంలో మేల్కొని, దయ అంటే ఏమిటో తెలుసుకొంటాడు.

సొంత దుఃఖానికి కూడా ఆ మండలంలో చోటు దొరికింది. ‘వాకింగ్ డిస్టెన్స్’ అనే కథలో నగరజీవితంతో అలసిన ముప్పై ఆరేళ్ళ మనిషి తన చిన్ననాటి ఊరికి నడిచి వెళ్ళి, అక్కడ బాలుడైన తననూ, ఎప్పుడో మరణించిన తండ్రినీ చూస్తాడు. రంగులరాట్నం తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ నీకు చోటు లేదు, నీ కాలానికి నీవు వెళ్ళిపో అని తండ్రే నచ్చజెప్పి పంపుతాడు. తండ్రి కడసారి చూపునకు నోచుకోని కుమారుడు వ్రాసిన కథ ఇది అని గుర్తుంచుకొంటే కన్ను చెమర్చకమానదు.

1964 జూన్ వరకు ఐదు విడతలలో 156 భాగాలు ప్రసారమయ్యాయి. వాటిలో 92 సెర్లింగ్ స్వయంగా వ్రాశాడు. రిచర్డ్ మాథిసన్, చార్లెస్ బోమాంట్ వంటి సమర్థులు మరికొన్నింటిని వ్రాశారు. ఇంత వేగంతో వ్రాసినవన్నీ ఉత్తమ రచనలని చెప్పలేము. కొన్నింటిలో ఉపన్యాసం పాలు హెచ్చింది. కొన్ని చివరి మలుపు కోసమే నిలబడిన కథలు. ప్రకటనదారులతో అంత పోరాడిన మనిషి తరువాత తానే ఎన్నో వ్యాపార ప్రకటనలకు గొంతు అరువిచ్చాడు. ఈ లోపాలను దాచడం జీవితచరిత్రకు ధర్మం కాదు.

అయినా ఒక్క సంగతి ఆయన పట్టుదలకు సాక్ష్యం. 1964 మార్చిలో ప్రసారమైన ‘ఐ యామ్ ది నైట్, కలర్ మి బ్లాక్’ కథలో, ఒక ఊరిలో ఉరిశిక్ష అమలు జరిగే ఉదయాన సూర్యుడు ఉదయించడు. ద్వేషమే చీకటిగా కమ్ముకొంటుంది. అటువంటి చీకటి ఇంకా ఎక్కడెక్కడ కమ్మిందో రేడియో చెబుతూ బర్మింగ్‌హామ్, డాలస్, బెర్లిన్ గోడ అని పేర్లు చదువుతుంది. అంతకు కొద్ది నెలల క్రితమే బర్మింగ్‌హామ్ ప్రార్థనామందిరంలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు మరణించారు. డాలస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ హతుడయ్యాడు. ఎనిమిదేళ్ళ క్రితం ఒక సీసాను కూడా రంగం మీద ఉంచనివ్వని చోట, ఊళ్ళ అసలు పేర్లు ఉచ్చరించగలిగాడు. ముసుగు వేసుకొని వచ్చినవాడు చివరకు సభలోనే దానిని తొలగించాడు.

తరువాతి జీవితం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ధారావాహికలో తన హక్కులను ఆయన సిబిఎస్ సంస్థకే అమ్మివేశాడు. పునఃప్రసారాల వలన వచ్చిన పెద్ద లాభం ఇతరులకు దక్కింది. 1968లో విడుదలైన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చిత్రానికి మైకేల్ విల్సన్‌తో పాటు రచయితగా పేరు పొందాడు. 1970 నుంచి 1973 వరకు నడిచిన ‘నైట్ గ్యాలరీ’లో ఆయన ముఖం కనిపించినా, నిర్ణయాధికారం ఆయన చేతిలో లేకపోవడం వలన అసంతృప్తే మిగిలింది. ఆ దశలో ఆయనకు ఊరట కలిగించినది అధ్యాపనం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా కళాశాలలో రచనావిద్య బోధించాడు. 1968 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఒక కళాశాలకు ఉపన్యసించేందుకు వెళ్ళినప్పుడు, ప్రభుత్వవిధేయతా ప్రమాణపత్రం మీద సంతకం చేయనిదే ప్రతిఫలం ఇవ్వడం కుదరదన్నారు. దేశం కోసం రక్తం చిందించిన ఆ సైనికుడు సంతకం చేయలేదు. ప్రతిఫలం వదులుకొని ఉపన్యాసం మాత్రం ఇచ్చి వచ్చాడు.

విడువని ధూమపానమూ, విరామం లేని శ్రమా ఆయన గుండెను దెబ్బతీశాయి. 1975 జూన్ 28వ తేదీన, గుండె శస్త్రచికిత్స అనంతరం, రోచెస్టర్ నగరంలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై సంవత్సరాలు మాత్రమే. టెలివిజన్ రచనకు ఇచ్చే ఎమ్మీ పురస్కారం ఆరు పర్యాయాలు అందుకొన్నాడు.

ఆయన కన్నుమూసిన నెల దాటిన కొద్ది రోజులకే, 1975 ఆగస్టు 1న, భారతదేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ అందించే ‘సైట్’ ప్రయోగం మొదలైంది. నాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలు ఆ వెలుగు చూశాయి. 1985లో దూరదర్శన్ మీద ‘విక్రమ్ ఔర్ బేతాల్’, ఆ తరువాత 1993లో ‘అలిఫ్ లైలా’ వచ్చాయి. ప్రతి వారం ఒక వింత కథ చెప్పే పద్ధతిని మనవారు మన సొంత భాండాగారం నుంచే తెచ్చుకొన్నారు. సెర్లింగ్ పేరు వినని వారు కూడా ఆయన తొక్కిన దారినే మన కథలతో పరిచయం చేసుకొన్నారు.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితం నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? వింతకథ పిల్లల ఆటవస్తువు మాత్రమే కాదు. ఎదుటపడి చూడలేని నిజాన్ని మనం ఓర్చుకొని చూడగల అద్దం అది. మన కొత్తకోటలో అజాన్ వినిపించే వీధిలోనే గుడిగంట కూడా వినిపిస్తుంది. ఒక ఇంటి ఉర్దూ, ప్రక్క ఇంటి తెలుగూ గోడ దాటి కలుస్తూ ఉంటాయి. నేడు పుకారుకు ఆకాశంలో మెరుపు అవసరం లేదు. చేతిలోని ఫోన్ చాలు, అది నిమిషంలో ఊరంతా తిరిగి వస్తుంది. ఒక రాత్రి మన వీధిలో దీపాలు ఆరిపోయి, ఎవరో ఒకరు ప్రక్క ఇంటి వైపు వేలు చూపించినప్పుడు మనం ఏమి చేస్తాము? రాయి తీసుకొంటామా, లాంతరు తీసుకొని ఆ ఇంటి తలుపు తట్టి క్షేమం అడుగుతామా? సెర్లింగ్ అనే బేతాళుడు మన భుజం మీద ఉంచి వెళ్ళిన ప్రశ్న ఇది. తెలిసీ జవాబు చెప్పకుండా ఉండడం మనకు తగదు.